తలగడలో కాలేజీ

ఇంటర్ పరీక్షలు కాగానే అందరి ఇళ్ళకూ వచ్చినట్టే అరుంధతి ఇంటికీ కాలేజీల తలగడలు వచ్చాయి. తల ఆనించి మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే ఆ కాలేజీలో ఒక రోజంతా గడిపి రావచ్చు. ఒక్కో తలగడలో ఒక్క కలే ఉంటుంది.

కూతురు మృదుల భీమిలి తలగడ మీద పడుకుని అక్కడి సముద్రశాస్త్ర కాలేజీకి వెళ్ళొచ్చి, చేరితే అక్కడే చేరతానంది. అరకు మొక్కల కాలేజీ కూడా చూస్తేగానీ దరఖాస్తు మీద సంతకం పెట్టనంది అరుంధతి. పిల్ల స్నానానికి వెళ్ళగానే, హాస్టల్లో నీళ్ళొస్తాయో లేదో, అన్నం ఎలా ఉంటుందో ఒక్క నిమిషం చూసొద్దామని తనే అరకు తలగడ మీద వాలింది.

లేచేసరికి ఎండ గోడెక్కింది. ఎదురుగా మృదుల.

"నా కల నువ్వు కనేశావా అమ్మా! పోనీ, హాస్టల్ ఎలా ఉంది?"

"చూళ్ళేదే."

"అన్నం?"

"తినలేదు. పొద్దుటినించీ నాచు చూస్తూ కూచున్నా. భూతద్దం కింద పెడితే అన్నీ పచ్చటి మేడలే తల్లీ! గంట కొట్టినా లేవలేదని మేష్టారు నవ్వారు."

అరుంధతి తన వేళ్ళను వాసన చూసుకుంది. తడిమట్టి వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది.

"నీకు భీమిలిలో ఇలాగే ఉందా?" అని మెల్లగా అడిగింది.

"అచ్చం ఇలాగే."

అరుంధతి భీమిలి కాగితం మీద సంతకం పెట్టేసింది.

మృదుల దాన్ని పంపించి, అరకు దరఖాస్తు తెరిచింది.

"అదెందుకే మళ్ళీ?"

"నీ పుట్టిన తేదీ చెప్పమ్మా" అంది మృదుల.