ఆఫీసు మిషనా, పెట్టె మిషనా

"కాలేజీకి పోయే పిల్లకు ఈ రెండింట్లో యాది మేలన్నా?" అని అడిగింది సువార్తమ్మ.

అది డెబ్బై తొమ్మిది ఎండాకాలం. ఆదోని స్టేషన్ రోడ్డులో మద్దయ్య అంగడి. బల్లమీద రెండు టైపు మిషన్లు ఉన్నాయి. ఒకటి ఆఫీసుల్లో వాడేది, నల్లగా, ఇద్దరు పడితే గాని లేవనంత బరువు. ఇంకోటి చేతిపెట్టెలో పట్టే చిన్నది, ఆకుపచ్చ రంగుది, చూస్తే ముద్దొచ్చేది.

మద్దయ్య స్క్రూడ్రైవరు పక్కన పెట్టి తల్లిని చూశాడు. ఆమె వెనక నిలబడిన కూతురు మార్తనూ చూశాడు. ఆ పిల్ల వేళ్లు అప్పుడే ఊరికే ఆడుతున్నాయి.

"కొట్టి చూడనీ అక్కా. తొందరేముంది?" అన్నాడు.

సువార్తమ్మకు కావలసింది ఆ మాటే. కాలేజీ లేదు, కొనడమూ లేదు. ఆసుపత్రిలో ఆయాపని చేసే మనిషికి టైపు మిషను కొనే తాహతు ఎక్కడిది? జూన్‌లో ఎమ్మిగనూరు మిల్లులో టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష ఉంది. మార్త టైపు నేర్చుకుంటూ ఫీజు కట్టలేక మధ్యలో మానేసింది. చేయి తిరగాలంటే ఎక్కడో ఒక మిషను ముందు కూర్చోవాలి.

మరునాడు మళ్లీ వచ్చారు.

"పెద్దది గట్టిదే గానీ, మా పిల్ల యాడ మోస్తాదన్నా? చిన్నది కొట్టి చూస్తాదిలే."

ఆ మరునాడు ఇంకో మాట.

"చిన్నది మోసేకి బాగుండాది. నాలుగేండ్లు ఆగుతాదా అని? పెద్దదే ఇంగొకసారి చూస్తాం."

మే నెలంతా ఇదే తంతు. సువార్తమ్మ రోజుకో అనుమానం ఇంటి దగ్గరే వండుకుని వచ్చేది. రంగు వెలుస్తుందా? ఎలుకలు కొరుకుతాయా? వరుస చివర మోగే ఆ గంట చప్పుడుకు పక్కింటివాళ్లు తగువుకు రారు గదా? ధర మాత్రం పొరపాటున కూడా అడిగేది కాదు. అడిగితే బేరం మొదలవుతుంది. మద్దయ్యా చెప్పేవాడు కాదు. వ్యాపారం తెలియని మనిషి అనుకుందామె.

పైగా కాగితాలు అతనే ఇచ్చేవాడు.

"ఒట్టి పేరు కొడితే మిషను సంగతేం తెలుస్తాది పాపా? పేజీలు పేజీలు కొట్టు, బిరబిరా కొట్టు" అని పాత పేపరు ఒకటి ముందర పెట్టేవాడు.

అతన్ని చూస్తే సువార్తమ్మకు జాలేసేది. పాపం, ఎంత ఆశ పెట్టుకున్నాడో! ఆదివారం చర్చిలో తన అబద్ధానికి క్షమాపణ అడిగేముందు, మద్దయ్య వ్యాపారం బాగుండాలని అడిగేది.

మార్తకే మనసు ఒప్పలేదు. "నిజం సెప్పేద్దామా మా?" అంది ఒకరోజు దారిలో.

"పరీక్ష కానీ. ఆనెక నేనే సెప్తా" అంది తల్లి.

పరీక్షలో మార్త వేళ్లు పరుగెత్తాయి. ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందిన రోజే సువార్తమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని అంగడికి వచ్చింది. ఈసారి కాలేజీ మాట అబద్ధం కాదు. మార్త సాయంత్రం కాలేజీలో చేరుతోంది.

"అన్నా, ఇన్ని దినాలు నిన్ను మోసం చేసినా" అంది సువార్తమ్మ, గడప దగ్గరే నిలబడి. "మేం కొనేకి రాలే, పిల్ల చేయి తిరిగేకి వచ్చినాం. ఈ పొద్దు నిజంగానే కొంటాం. నెలనెలా కడతాం. ఆ చిన్నదియ్యి."

అప్పుడు చూసింది బల్లవైపు. రెండు మిషన్లూ లేవు.

"అమ్మేసినావా అన్నా?"

మద్దయ్య నవ్వాడు.

"పెద్దది జిన్నింగు మిల్లుది, చిన్నది వకీలు సారుది, ఎండాకాలం సెలవులైపోతానే ఎవురిది వాళ్లు తీసుకపోయినారక్కా, పాప దినామూ కొట్టబట్టే రిపేరు కుదిరిందో లేదో నాకూ తెలిసె, నేను రిపేర్లు చేసేటోణ్ణే గానీ, మిషన్లు అమ్మేటోణ్ణి ఎప్పుడైతిని?"