విశాఖలో ఒక పూట

"మనం పోయే టూరు ఓడ మధ్యాహ్నం వైజాగుల ఆగుతది. ముందుగాల జూ చూద్దాం. పొద్దుగూకంగ సింహాచలం. నువ్వు గుడిల కూసో, నేను జర బయట తిరిగొస్త," అన్నాడు సదానందం.

"గుడెందుకు? బీచుకే పోదాం," అంది యమున.

హన్మకొండలోని వాళ్ల బట్టల దుకాణంలో ఇద్దరూ ప్రయాణానికి బ్యాగు సర్దుతున్నారు. పదేళ్ల కింద స్కూలు టూరుకు వెళ్లిన కొడుకు వినీత్ ఆ సముద్రంలోనే మునిగిపోయాడు. శవం దొరకలేదు. భార్యకు తెలియకుండా అక్కడ తర్పణం వదలాలని సదానందం బ్యాగు అడుగున నువ్వుల పొట్లం పెట్టుకున్నాడు.

యమున అరలోంచి ఒక చొక్కా తీసింది.

"ఇది పెట్టు. మనోనికి."

నీళ్లలో వదలడానికి కాబోలు, వాడు లేడని ఇన్నాళ్లకు ఒప్పుకుంది అనుకున్నాడు. మెడపట్టీ తిప్పి సైజు చూశాడు. నలభై.

"పిలగానికి ఇంత పెద్దదెందుకే?"

"ఇంకా పిలగాడేంది? ఈపాటికి నీ అంత అయ్యుంటడు. ఆ ఒడ్డు పొంటి జర దేవులాడుదాం, యాడనన్న కనవడతడు."

సదానందం చొక్కాను తన భుజాలకు ఆనించి చూసుకున్నాడు. బ్యాగులోంచి నువ్వుల పొట్లం తీసి గల్లాపెట్టె వెనక పెట్టాడు.

"ఇది ఇరుకైతది," అన్నాడు. "నలభై రెండు తియ్యి."