ఎలుగుబంటి కారుకు కొత్త నిప్పురవ్వ

ఒక ఎలుగుబంటి తన పిల్లలిద్దరినీ కొండ అవతలి బడిలో ఉంచి, ప్రతి ఆదివారం కారులో వెళ్లి చూసొచ్చేది. ఆ కారుకు అప్పటిదాకా ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ మాత్రమే మార్పించింది. కారు ఏనాడూ దారిలో ఆగలేదు. అయినా ఎలుగుకు ఒకటే బెంగ. ఘాట్ రోడ్డు మధ్యలో ఆగిపోతే పిల్లలు ఎదురుచూస్తారే!

ఆ బెంగను మెకానిక్ ముంగిస పసిగట్టింది. "బాబాయ్, నీ ప్లగ్గుల్లో పెట్రోలును అంటించే రవ్వ మిణుగురు పురుగంత. రవ్వను పెంచే పెద్ద కాయిలూ, మేలురకం ప్లగ్గులూ వేస్తాను. కొండ ఎక్కడం కాదు, ఎగిరిపోతుంది!"

పక్కన మేస్తున్న ముసలి గాడిద తలెత్తింది. "అగ్గిపుల్లతో అంటించినా, కాగడాతో అంటించినా అన్నం ఉడికేది కట్టెలతోనే కదయ్యా. మండుతున్న పొయ్యికి కాగడా ఎందుకు?"

"మూటలు మోసేవాళ్లకు ఇంజన్ల సంగతేం తెలుసు మామా!" అని ముంగిస నవ్వింది.

గాడిద మాట నిజమేనని ఎలుగుకు తెలుసు. కానీ పిల్లల విషయంలో ఏ లోటూ చేశాననిపించుకోకూడదు. వాళ్లకోసం దాచిన తేనెకుండను ముంగిసకు ఇచ్చేసింది.

కాయిలు కుదరక, వైర్లు చాలక మూడు ఆదివారాలు షెడ్డులోనే గడిచిపోయాయి. నాలుగో ఆదివారం కారు కొండెక్కింది, ఎప్పటి గేరులోనే, ఎప్పటి వేగంతోనే.

బడి గేటు దగ్గరికి చిన్నది ఒక్కతే వచ్చింది. "అన్నయ్య రానన్నాడు నాన్నా. మూడు వారాలూ చీకటిపడేదాకా ఇక్కడే కూర్చున్నాంగా."

"కారు బాగుచేయించానమ్మా. చూడు, తాళం తిప్పగానే ఎలా అంటుకుంటుందో!"

"ఇదివరకు ఎన్నిసార్లు తిప్పితే అంటుకునేది?"

ఎలుగు తాళం మీదినుంచి చెయ్యి తీసేసింది.

"ఒక్కసారికేనమ్మా," అంది.