పక్కపక్కన రెండు సంతకాలు

"గుమ్మందాకా వచ్చి వెనక్కి పోదామంటే ఎలాగమ్మా?" అంటూ కూతురు తల్లి చెయ్యి పట్టుకుని జనంలోంచి లోపలికి లాక్కెళ్ళింది.

ఒకప్పుడది పెళ్ళిమేడ. ఇంట్లో ససేమిరా అన్నవాళ్ళ పిల్లలందరూ పారిపోయి వచ్చి, ఆ రాతిమెట్లెక్కి, సంతకాలు పెట్టి, మొగుడూ పెళ్ళాలై దిగేవాళ్ళు. ఇప్పుడు కింద అంతస్తు నిండా అంగళ్ళే. పెళ్ళికూతురి బొమ్మ వేసిన కప్పులు, పెళ్ళికొడుకు బొమ్మ వేసిన తువ్వాళ్ళు, జంట బొమ్మల తాళంచెవి గొలుసులు. ఓ మూల అద్దెకిచ్చే పెళ్ళిబట్టలు తొడుక్కుని ఫొటోలు దిగుతున్నారు జనం. అక్కడ ఓ బామ్మగారు, "అసలు పెళ్ళిలోనైనా ఈయన ఇంత బుద్ధిగా నిలబడలేదు" అంటూ మొగుడి కాలరు సర్దుతోంది.

కూతురికి అవేవీ చూసే ఓపిక లేదు. తండ్రి పోయి రెండు నెలలైంది. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపిన మనిషి. డిపో వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టరు భార్య పేరుకి మారాలంటే పెళ్ళి కాగితం చూపించాలన్నారు. లేదంటే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆ క్వార్టరు కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని ముగ్గురు పిల్లల్ని పెంచింది తల్లి. ఇప్పుడు ఆవిణ్ణి అక్కణ్ణించి లేపితే మనిషి దక్కదని కూతురి భయం. కాగితం ఏదమ్మా అంటే బీరువా తెరవడం, మూయడం తప్ప ఆవిడ పెదవి విప్పదు.

చివరికి తండ్రి మాటే దారి చూపించింది. "ఆ మేడలో మా ఇద్దరి సంతకాలూ పక్కపక్కన ఉన్నాయే, పెద్దదానా. వాటిని విడదీసే మొనగాడు పుట్టలేదు!" అని ఆయన ఎన్నిసార్లు మీసం దువ్వలేదూ? తేదీ ఇంటిల్లిపాదికీ కంఠతా. ఏటా ఆ రోజు డ్యూటీకి ఎగనామం పెట్టి పెళ్ళాన్ని సినిమాకి తీసుకెళ్ళేవాడు.

"నాన్న నిన్ను మళ్ళీ ఎప్పుడూ ఇక్కడికి తీసుకురాలేదా?"

"రమ్మన్నాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు అడిగాడు. మంచాన పడ్డాక కూడా, ఆటోలో వెళ్ళొచ్చేద్దామే అన్నాడు."

"మరి?"

"ఈ వయసులో ఏమిటి మీ చోద్యం, నలుగురూ నవ్వుతారు అన్నాను." ఆవిడ పైకెళ్ళే మెట్లకేసి చూసింది. "వచ్చుండాల్సిందే. బుద్ధి లేకపోయింది నాకు."

"షికారుకొస్తే నవ్వేదేముందమ్మా? అదుగో, ఆ బామ్మగారిని చూడు!"

తల్లి తల తిప్పలేదు.

పాత రిజిస్టర్లున్న గది తువ్వాళ్ళ కొట్టు వెనకాల ఉంది. వాటిని చూసుకునే ఉద్యోగిని కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని వచ్చింది. కూతురు గుక్క తిప్పుకోకుండా సంగతంతా చెప్పింది.

"సంతకాలు కనపడితే చాలు, నకలు మీద ముద్ర వేసిస్తాం" అందావిడ బీరువా తెరుస్తూ. "ఇప్పటికీ పై గదిలో పెళ్ళిళ్ళు జరుగుతాయి లెండి. కానీ ఆ రోజుల హడావుడే వేరు. చెప్పా పెట్టకుండా వచ్చినవాళ్ళకి చుట్టాలెక్కడ, పక్కాలెక్కడ? సాక్షి సంతకాలకి దారినపోయేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడేవాళ్ళట."

కూతురు పకపకా నవ్వింది. "మా నాన్న కూడా ఎవర్నో అలాగే ఈడ్చుకొచ్చుంటాడు. అవునా అమ్మా?"

తల్లి చేతిరుమాలుతో మొహం తుడుచుకుంది.

ఉద్యోగిని అట్ట ఊడిన పుస్తకమొకటి బల్ల మీద పెట్టి, తేదీ వెతికి పేజీ తెరిచింది. "ఒక ఏడాది వాననీళ్ళు కారి కొన్ని పేజీలు సగం అలుక్కుపోయాయి. మీ అదృష్టమెలా ఉందో చూసుకోండి."

పేర్లు రాసిన పై భాగమంతా నీలం మరక. దాని కింద రెండు సంతకాలు గుర్తుపట్టడానికి లేకుండా పోయాయి. వాటి కింద, పేజీ అడుగున, మరో రెండు.

కూతురు కెవ్వుమంది. ఎలుకతోక లాంటి ఆ చివరి గీత ఆమెకి తెలియనిదా? మార్కులు చూడకుండా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా లాగిన గీత. దాని పక్కన, కిందకి వాలిపోతూ తల్లి పేరు.

"దొరికిందమ్మా! నాన్న... నాన్నదే!" ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి.

"పోన్లెండి, మంచిమాట. పైనుంచి ముద్ర పట్టుకొస్తాను, ఒక్క నిమిషం" అని ఉద్యోగిని మెట్లెక్కింది.

"ఇంక నిన్ను ఖాళీ చెయ్యమనడానికి ఎవడొస్తాడో రమ్మను!" కూతురు తల్లిని వాటేసుకుంది. "చూశావా, అన్నీ అలుక్కుపోయినా మీవి మాత్రం చెక్కుచెదరలేదు."

తల్లి వంగి, భర్త సంతకం మీద వేలు ఆనించింది. కన్నీళ్ళు బొటబొటా రాలాయి. "అంతకుముందు ఆయన మొహమైనా ఎరగను. ఇందులో చదివే ఆయన పేరు తెలుసుకున్నాను."

"పేరు తెలీకుండానే లేచొచ్చేశావా? అమ్మ దొంగా!"

"ఆవిణ్ణి ముద్ర వెయ్యొద్దని చెప్పు."

"అదేంటి? ఇల్లు వద్దా నీకు?"

"ఆయన సంతకం మీద అబద్ధం పెట్టలేనే."

"అబద్ధమేంటమ్మా? సంతకాలు కళ్ళెదురుగా ఉంటే!"

తల్లి పుస్తకం మూసి, కూతురి మొహంలోకి చూసింది.

"ఆ పెళ్ళికి మేం సాక్షులం."