పెద్దాసుపత్రి చీటీ

“ఆ సుట్ట అవతల పారేసి లోపలికొస్తావా, నలుగుర్లో నన్నే లాగేయమంటావా?”

చోడవరం ధర్మాసుపత్రి అరుగు మీద రాజ్యం నడుం బిగించి నిలబడింది. మొగుడు పరదేశి స్తంభం పట్టుకుని కదలనంటున్నాడు. బుచ్చయ్యపేట నుంచి తెల్లవారకుండానే బండి కట్టించి, దారంతా తిట్టి, బతిమాలి తీసుకొచ్చింది మనిషిని. నెల్లాళ్ళుగా అతనికి ఒకటే దగ్గు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ఇక్కడికి కొత్తగా వేసిన డాక్టరుగారు సంతలో బొమ్మలు చూపించి, పొగాకు వల్ల నోట్లో, గొంతులో రాచపుండు పుడుతుందని చెప్పిన దగ్గర్నుంచీ ఆమెకి కంటిమీద కునుకు లేదు.

“దగ్గు సలికొచ్చిందే! సుట్టకీ దానికీ ఏటి సమ్మందం?”

“అది డాట్రుబాబు సెప్తారు. నడు మావా!”

రాజ్యం చుట్ట లాగి కాలవలోకి విసిరేసింది. అరుగు మీది ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. పరదేశి తలొంచుకుని లోపలికి నడిచాడు. సగం యుద్ధం గెలిచినంత హుషారొచ్చింది రాజ్యానికి.

“బాబూ, ఈ మనిషి రోజుకి ఎనిమిది సుట్టలు కాలస్తన్నాడు. గట్టిగా గడ్డెట్టండి!”

డాక్టరుగారు నవ్వి టార్చి తీశారు. “నోరు తెరవవయ్యా.”

పరదేశి తెరవలేదు. “ముందు దీన్నడగండి బాబూ! ఇదీ కాలస్తాది. పొద్దస్తమానం నోట్లో సుట్టుండాల్సిందే!”

రాజ్యానికి ఒళ్ళు మండిపోయింది.

“నాదీ నీదీ ఒకటేటి? నాది అడ్డపొగ బాబూ! మా అమ్మ, మా అప్ప, మా ఊరి ఆడోళ్ళందరూ కాల్సేదే. నిప్పున్న కొస నోట్లోపలే ఎట్టుకుంటాం. పొగ ఎవుళ్ళ మీదా పడదు. పంటిపోటు కూడా రాదు. నీలాగ ఊరంతా పొగెట్టుకు తిరుగుతామేటి? నోరు తెరు ముందు! ఇలాగ, ఆఁ... అని!”

చిన్నపిల్లాడికి నేర్పినట్టు తన నోరు బార్లా తెరిచి చూపించింది. టార్చి వెలుగు ఓసారి అటు పడింది, తర్వాత పరదేశి మీదికి తిరిగింది. ఇంకేం చేస్తాడు, అతనూ తెరిచాడు. డాక్టరుగారు గొంతు చూశారు, గుండె మీద గొట్టం పెట్టి విన్నారు. చుట్ట మానకపోతే ఊరుకోనని గదిమారు.

“వెళ్ళి సీసాలో మందు పోయించుకో. అమ్మా, నువ్వుండు.”

పరదేశి బతుకు జీవుడా అని బయటపడ్డాడు. రాజ్యం హుషారంతా ఒక్కసారిగా దిగిపోయింది. మొగుడు వినకూడని మాటేదో ఉందన్నమాట! అనుకున్నంతా అయింది.

డాక్టరుగారు కాగితం ముందుకు లాక్కున్నారు.

“విశాఖపట్నం పెద్దాసుపత్రికి చీటీ రాస్తున్నాను. రేపు మొదటి బస్సుకే వెళ్ళాలి. అంగిట్లో పుండు పడింది. ముదరకముందే కోసి తీసేస్తే ప్రాణానికి భయం ఉండదు.”

“ఎల్తాం బాబూ! రేప్పొద్దుట్నే ఎల్తాం!” కళ్ళు తుడుచుకుంటూ గబగబా అంది.

“పేరు చెప్పు.”

రాజ్యం గతుక్కుమంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మొగుడి పేరు ఒక్కనాడూ పలికి ఎరగదు. పలికితే అతని ఆయుష్షు తరిగిపోతుందని ఆమె నమ్మకం. ఇప్పుడు పలక్కపోతే అసలు మనిషే దక్కేలా లేడు! బయట మందు దగ్గర పరదేశి ఖళ్ళుఖళ్ళున దగ్గాడు. ఆ దగ్గుతో ఆమెకి ఎక్కడలేని తెగింపూ వచ్చింది. దేముడా, ఈ ఒక్క తప్పూ కాయి అని దండం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

“పరదేశి, బాబూ! పరదేశి!”

డాక్టరుగారి కలం కదల్లేదు.

“ఆయనది ఒట్టి దగ్గేనమ్మా. నేనడిగింది నీ పేరు.”