ఎడమ భుజం కుట్టు

బోధకుడి కొలువు పోయింది ఆ ఆదివారమే.

ప్రభువును తిండిబోతనీ, తాగుబోతనీ ఆడిపోసుకున్నవాళ్ల గురించి ఆయన మందిరంలో చెబుతున్నాడు. మధ్యలో దర్జీ లేచాడు. చేతిలో, కుట్టమని బోధకుడిచ్చిన తెల్ల అంగీ.

"ప్రభువును అన్నవాళ్ల సంగతి సరే. ముందు మీ సంగతి చెప్పండి అయ్యగారూ. ప్రతి వారం ఈ ఎడమ భుజమే ఎందుకు చిరుగుతోంది?"

"పాత గుడ్డ కదా నాయనా."

"గుడ్డ పాతదే. కుట్టు నాది. ఎవరో పట్టి గుంజితే తప్ప ఊడదు. పైగా ఈ వాసన చూడండి!"

అంగీ వరసల వెంట చేతులు మారింది. ముక్కులు మూసుకున్నారు.

"సారా!"

"సాయంత్రం పూట సారా కొట్లోకి వెళ్లడం నేనూ చూశాను," అంది పాలావిడ.

"అక్కడా వాక్యం చెబుతున్నాడేమోలే!" వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"ఎందుకు వెళ్తున్నారో ఒక్క మాట చెప్పండి అయ్యగారూ," సంఘపెద్ద బతిమాలాడు. "మేమే సర్దుకుంటాం."

బోధకుడు దర్జీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. బైబిలు మూసి వేదిక దిగాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు దర్జీ.

మర్నాడు పొద్దున్నే బోధకుడు బస్సెక్కాడు. ఏ ఊరికని ఎవరూ అడగలేదు.

"మా తమ్ముడు మందిరం మొహం చూడకపోయినా వాడే నయం," భార్యతో అన్నాడు దర్జీ. "మిల్లు నుంచి వస్తాడు, పెరటి గదిలో ఒళ్లెరగకుండా పడుకుంటాడు. పాపం, గొడ్డు చాకిరీ."

ఆ సాయంత్రమే సారా కొట్టతను గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, మీ తమ్ముణ్ని తీసుకెళ్లు. బల్ల మీద పడున్నాడు."

"మా వాడా? నోరు జాగ్రత్త!"

"నా మీద అరుస్తావేం? రోజూ తీసుకెళ్లే మనిషి ఇవాళ రాలేదు మరి."

మిషను సూది దర్జీ వేలిలో దిగింది. ఆయన చూసుకోలేదు.

కొట్లో తమ్ముణ్ని లేపితే లేవలేదు. వంగి ఎడమ భుజాన వేసుకున్నాడు. గడప దాటుతుంటే తమ్ముడు జారాడు. పడిపోతానన్న భయంతో అన్న చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

పర్రుమంది. సరిగ్గా భుజం కుట్టు దగ్గర.

"మెల్లగా అయ్యగారూ..." కళ్లు తెరవకుండానే గొణిగాడు తమ్ముడు. "అన్నయ్యకి మాత్రం చెప్పకండి. మాటిచ్చారు."

తెల్ల అంగీ దర్జీ మిషను పక్కన కొక్కేనికే ఉంది. భుజం ఇంకా కుట్టలేదు.