ముందే చెప్పిన స్తోత్రం

విమలకుమారికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకున్న ధైర్యమంతా బాత్‌రూములోనే ఖర్చయిపోతుంది. తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు ఎంత గట్టిగా మాట్లాడతాడో, బయట నలుగురు మనుషులు కనిపిస్తే అంత గట్టిగా నోరు మూసుకుంటాడు. ఈ అమెరికాలో పిజ్జా ఆర్డర్ చేయాలన్నా ఫోన్ రిసీవర్ ఆవిడ చేతికే అందిస్తాడు.

అలాంటి ప్రేమానందం ఆ శనివారం సాయంత్రం వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీద గిన్నెలు చూసి, బాత్‌రూములో కాకపోయినా గొంతు పెంచాడు.

“ఇంత వంటెందుకు విమలా? ప్రేయర్ మీటింగంటే టీ, బిస్కెట్లు అనుకున్నానే!”

“మామూలు ప్రార్థన కాదండీ, కృతజ్ఞతా కూడిక. మన తెలుగు చర్చి సంఘమంతా వస్తోంది. మీరు నా దగ్గర దాచారు, నేనూ మీ దగ్గర దాచాను. చెల్లుకు చెల్లు.”

“నేనేం దాచాను?”

“సూపర్‌వైజర్ ఉద్యోగం!”

ప్రేమానందం ఫ్రిజ్ పట్టుకుని నిలబడ్డాడు. “నాకొచ్చిందని ఎవరు చెప్పారు?”

“మీరే. మొన్న సోమవారం బాత్‌రూములో. ‘ప్రభువా, సూపర్‌వైజర్ ఉద్యోగం నాకిచ్చినందుకు స్తోత్రం’ అని హాల్లోకి వినపడేలా చెప్పారుగా!”

“అయ్యో, అది క్యాసెట్ పద్ధతి!”

“ఏ క్యాసెట్?”

“కార్‌లో రోజూ వింటున్నానే, అది. మన లోపలి మనసులో ‘నాకు చేతకాదు’ అన్న నమ్మకం ఒకటి పాతుకుపోయి ఉంటుందట. దాన్ని పెరికేయాలంటే కావలసింది వచ్చేసినట్టే రోజూ అద్దంలో చూసుకుని పైకి చెప్పాలి. ‘నేను గొప్పవాణ్ణి, నేను సూపర్‌వైజర్ని’ అనమన్నాడు ఆ క్యాసెట్‌లో మాట్లాడేవాడు. నన్ను నేను పొగుడుకోడానికి నాకు నోరు రాలేదు. అందుకని ప్రార్థనలో పెట్టాను.”

విమలకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. “అంటే... రాలేదా?”

“ఎల్లుండి చెప్తారు.”

“దేవుడికి అబద్ధం చెప్పారా?”

“అబద్ధం కాదు, విశ్వాసం!”

“ఆ విశ్వాసానికి నేను బిర్యానీ వండి కూర్చున్నాను కదండీ!”

అంతలో బయట కార్ల తలుపులు పడుతున్న చప్పుడైంది. ప్రేమానందం మొహంలో నెత్తురు చుక్క లేదు.

“వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పు.”

“వాకిట్లో ఉన్నవాళ్లకి ఫోనెలా చేయను? మీరు నోరెత్తకండి, అది మీకు అలవాటే. తినిపించి పంపేద్దాం. ఎల్లుండి ఉద్యోగం వస్తే గొడవే లేదు.”

“రాకపోతే?”

“ఈ ఫార్మింగ్టన్ హిల్స్ ఊరే వదిలి పారిపోదాం.”

తలుపు తీయగానే చలిగాలితో పాటు జనం లోపలికి వచ్చారు. కోట్లన్నీ పడగ్గదిలో మంచం మీద గుట్టపడ్డాయి. “సూపర్‌వైజర్ గారికి వందనాలు!” అంటూ ప్రతివాళ్లూ ప్రేమానందం చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, ఆయన ఆ చెయ్యి తనది కానట్టు చూస్తున్నాడు.

“వేడి వేడిగా భోజనాలు చేసేద్దాం రండి,” అంది విమలకుమారి గాభరాగా.

“అదేంటి చెల్లెమ్మా! దేవుడు చేసిన మేలు గురించి తమ్ముడి సాక్ష్యం వినకుండా భోజనమా?” అన్నాడు దైవాశీర్వాదం. సంఘంలో అందరికంటే పెద్దవాడు. ప్రేమానందం కంపెనీలోనే ఇంకో డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరు.

పాట అయింది. ప్రార్థన అయింది. ఆ ప్రార్థన గంటల తరబడి సాగాలని విమలకుమారి మొదటిసారి కోరుకుంది. ఆమేన్ అనగానే కార్పెట్ మీద కూర్చున్న వాళ్లందరూ ప్రేమానందం వైపు తిరిగారు.

“ఆయనకి గొంతు బాగాలేదండీ,” అంది చటుక్కున.

“పరవాలేదు. ముందు నేను చెప్తాలే,” అంటూ దైవాశీర్వాదం లేచాడు.

“ఈ ఉద్యోగానికి నేను కూడా అప్లై చేశానని తమ్ముడికి తెలీదు. మా డిపార్ట్‌మెంట్ మూసేస్తున్నారు. ఇదొక్కటి దొరికితే ఇక్కడే ఉండిపోవచ్చని ఆశపడ్డాను. చెల్లెమ్మ ఫోన్ చేసి తమ్ముడికొచ్చిందని చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అబద్ధమెందుకు, అసూయపడ్డాను. తర్వాత ప్రార్థన చేసుకుని, వాళ్లు చెప్పేదాకా ఆగకుండా నిన్న ఆఫీస్‌లో నా పేరు వెనక్కి తీసేసుకున్నాను. ఒహాయో ప్లాంట్‌కి వెళ్లిపోతున్నాం. సోమవారం పొద్దున బదిలీ కాగితాల మీద సంతకం పెడతాను. తమ్ముడికిచ్చిన దేవుడు నాకూ దారి చూపిస్తాడు.”

“స్తోత్రం,” అన్నారందరూ.

దైవాశీర్వాదం భార్య ప్రేమజ్యోతి మాత్రం అనలేదు. తల వంచుకుని పేపర్ నాప్కిన్‌తో కళ్లద్దాలు తుడుచుకుంటోంది. “పిల్లకి ఈ స్కూలంటే ప్రాణం,” అంది పక్కనున్నావిడతో, మెల్లగా.

విమలకుమారికి లెక్క తెలిసిపోయింది. పోటీకి ఉన్న మనిషి తప్పుకున్నాడు. ఉద్యోగం ఇక ఎక్కడికీ పోదు. సోమవారానికి అబద్ధం కాస్తా నిజమై కూర్చుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. దిగిన ఆ బరువు ప్రేమజ్యోతి ఒళ్లో పడిందని కూడా తెలుస్తూనే ఉంది. తెలిసినా, కూర్చోండి, నోరెత్తకండి అని మొగుడికి కళ్లతోనే సైగ చేసింది.

ప్రేమానందం ఆ సైగ చూశాడు. చూసి, కార్పెట్ మీద చెయ్యి ఆన్చి మెల్లగా లేచాడు. మొదటి మాట గొంతులోనే ఉండిపోయింది. రెండోసారి మాత్రం గోడ అవతలి వాళ్లకి కూడా వినపడేలా వచ్చింది.

“అన్నయ్యా, ఆ సంతకం పెట్టకండి. నాకు ఏ ఉద్యోగమూ రాలేదు. తప్పు నాదే!”